ఇంజను హోరు – రోగమా? స్వభావమా?
హైబ్రిడ్ కారు గురించి ఉద్యోగ కుటుంబాలు తెలుసుకోదగిన విషయాలు

యంత్రానికి నోరు లేదు గాని స్వరం ఉన్నది. ఆ స్వరంలో కలిగే మార్పును బట్టి దాని ఆరోగ్యాన్ని కనిపెట్టడం మన కర్మాగారాలలోను, షెడ్లలోను తరతరాలుగా వస్తున్న విద్య. బేరింగు అరుపును, బెల్టు కీచుదనాన్ని, వాల్వు చప్పుడును కళ్ళు మూసుకొని పోల్చుకోగల పనివారు ప్రతి విభాగంలోను ఉంటారు. అటువంటి అనుభవజ్ఞులకు సైతం పరీక్ష పెడుతున్న వాహనం ఒకటి ఇటీవలి సంవత్సరాలలో మన క్వార్టర్ల ముందు నిలబడుతున్నది. అదే హైబ్రిడ్ కారు.

ఈ కారును కొన్న వారి నుండి తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటే. కారు నిలిచి ఉన్నది. యాక్సిలరేటరు మీద కాలు లేదు. అయినా ఇంజను తనంతట తానే మొదలై హోరెత్తుతున్నది. మరొకప్పుడు ఇంజను గొంతు చించుకుంటున్నది గాని కారు అందుకు తగినట్లు పరుగెత్తదు. ఇంకొకప్పుడు కొండ దిగుతూ ఉండగా, పెట్రోలు అక్కరలేని సమయంలో, ఇంజను బిగ్గరగా అరుస్తుంది. ఇవి రోగ లక్షణాలా? లేక యంత్ర స్వభావమా? ఈ రెండింటి మధ్య గల తేడా తెలియకపోతే నష్టం రెండు విధాలు. స్వభావాన్ని రోగమనుకొంటే లేని జబ్బుకు మందు కొని డబ్బు పోగొట్టుకుంటాము. రోగాన్ని స్వభావమనుకొంటే ప్రాణానికే ముప్పు తెచ్చుకుంటాము.

డీజిల్ ఇంజను నేర్పిన పాఠం

ఖరగ్‌పూర్ పట్టణంలో పూరీ గేట్ అంటే తెలియని వారుండరు. పేరులోనే రైలు గేటును పెట్టుకొన్న ప్రాంతమది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు పనుల కోసం తరలివచ్చి స్థిరపడిన ఊరు ఖరగ్‌పూర్. ఇక్కడి కుటుంబాలలో పిల్లలు లాలిపాటతో పాటు ఇంజను కూతను కూడా విని పెరిగినవారే. కాబట్టి హైబ్రిడ్ కారు రహస్యం వారికి కొత్త కాదు. అది వారి ఇంటి పక్క పట్టాల మీదనే ఎన్నో దశాబ్దాల పాటు నడిచింది.

డబ్ల్యు.డి.ఎం.-2 డీజిల్ ఇంజనును గుర్తుకు తెచ్చుకొందాము. అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీ రూపకల్పనతో 1962లో మన దేశానికి వచ్చి, 1964 నుండి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో తయారైన ఈ ఇంజను సామర్థ్యం 2,600 అశ్వశక్తి. దీనిలో 16 సిలిండర్ల డీజిల్ యంత్రం చక్రాలను నేరుగా తిప్పదు. అది జనరేటరును తిప్పుతుంది. జనరేటరు విద్యుత్తును ఉత్పత్తి చేస్తుంది. ఆ విద్యుత్తుతో ఇరుసుల వద్ద ఉన్న ట్రాక్షన్ మోటార్లు చక్రాలను తిప్పుతాయి. డ్రైవరు చేతిలోని హ్యాండిల్‌కు ఎనిమిది నాచ్‌లు ఉంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు డీజిల్ యంత్రం నిమిషానికి 400 చుట్లు, ఎనిమిదవ నాచ్‌లో 1,000 చుట్లు తిరుగుతుంది.

బరువైన గూడ్సు బండి యార్డు నుండి కదులుతున్న దృశ్యాన్ని ఊహించుకోండి. యంత్రం పూర్తి స్థాయిలో గర్జిస్తున్నది. బండి మాత్రం మనిషి నడక వేగంతో కదులుతున్నది. దానిని చూసి గేటు వద్ద నిలబడిన వారెవ్వరూ "ఇంజను పాడైపోయింది" అనరు. ఎందుకంటే యంత్రం చుట్లకు, చక్రాల చుట్లకు నేరు సంబంధం లేదని ఆ ఊరి వారికి అనుభవం చేత తెలుసు. యంత్రం పని శక్తిని తయారు చేయడం. ఆ శక్తిని ఎప్పుడు, ఎంత, ఎక్కడికి పంపాలన్నది వేరొక ఏర్పాటు నిర్ణయిస్తుంది. ఈ ఒక్క సంగతి మనసులో నిలుపుకొంటే హైబ్రిడ్ కారు సగం అర్థమైనట్లే.

హైబ్రిడ్ కారు నిర్మాణం

పెట్రోలు యంత్రాన్ని, విద్యుత్ మోటారును ఒకే వాహనంలో జతచేయడం కొత్త ఆలోచన కాదు. 1900 ప్రాంతంలోనే ఫెర్డినాండ్ పోర్షే అనే యువ ఇంజనీరు ఆస్ట్రియాలో అటువంటి వాహనాన్ని నిర్మించాడు. అయితే పెద్ద ఎత్తున తయారై సామాన్య వినియోగానికి వచ్చిన మొదటి హైబ్రిడ్ కారు టయోటా ప్రియస్. అది 1997 డిసెంబరులో జపాన్‌లో విడుదలైంది. మన దేశంలో మధ్యతరగతి కుటుంబాల దృష్టిని ఈ కార్లు ఆకర్షించడం 2022 నుండి ఎక్కువైంది. హోండా సిటీ, మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ కార్ల హైబ్రిడ్ రకాలు ఆ సంవత్సరంలోనే మార్కెట్టులోకి వచ్చాయి.

వీటిలో రెండు ముఖ్యమైన పద్ధతులున్నాయి. హోండా పద్ధతిలో ఇంజను ఎక్కువ భాగం జనరేటరునే తిప్పుతుంది. చక్రాలను మోటారు తిప్పుతుంది. హైవే వేగంలో మాత్రం ఒక క్లచ్చి బిగుసుకొని ఇంజనును నేరుగా చక్రాలతో కలుపుతుంది. ఇది మన డీజిల్ ఇంజనుకు దగ్గర చుట్టము. టయోటా పద్ధతిలో ఇంజను, రెండు మోటారు-జనరేటర్లు, చక్రాలు అన్నీ ఒక ప్లానెటరీ గేరు అమరిక ద్వారా కలిసి ఉంటాయి. ఇంజను శక్తిలో ఒక భాగం నేరుగా చక్రాలకు, మరొక భాగం విద్యుత్తుగా మారి మోటారుకు లేదా బ్యాటరీకి చేరుతుంది. మారుతి గ్రాండ్ విటారాలో ఉన్నది కూడా ఈ ఏర్పాటే.

పద్ధతి ఏదైనా, ఇంజను ఎప్పుడు తిరగాలో నిర్ణయించేది డ్రైవరు కాలు ఒక్కటే కాదు. బ్యాటరీలోని నిలువ, ఇంజను వేడి, దారి ఎత్తుపల్లాలు – వీటన్నింటి లెక్క చూసి కంప్యూటరు ఆజ్ఞ ఇస్తుంది. కనుక హోరు వినిపించినప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న "ఏమి చెడిపోయింది?" అన్నది కాదు, "ఇంజనును ఇప్పుడు ఎవరు పిలిచారు?" అన్నది.

హోరు సహజమైన సందర్భాలు

ఉదయపు మొదటి ప్రారంభం: చల్లగా ఉన్న ఇంజను మొదలుకాగానే కొద్దిసేపు ఎక్కువ చుట్లు తిరుగుతుంది. పొగగొట్టంలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టరు త్వరగా వేడెక్కడానికి ఇది అవసరం. కొద్ది నిమిషాలలో హోరు తగ్గితే చింతించవలసిన పని లేదు.

నిలిచి ఉన్న కారు: గేటు పడి వాహనాలు బారులు తీరినప్పుడు, వేసవి మధ్యాహ్నం ఏ.సి. వేసుకొని కూర్చుంటాము. ఈ కార్లలో ఏ.సి. కంప్రెసరు బ్యాటరీ విద్యుత్తుతో నడుస్తుంది. పది నిమిషాలలో నిలువ తరిగిపోగా, దానిని నింపడానికి ఇంజను దానంతటదే మొదలవుతుంది. కొంత నిలువ చేరగానే ఆగిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. టయోటా పద్ధతి కార్లలో గేరు న్యూట్రల్‌లో ఉంటే బ్యాటరీ నిండదు. ఎక్కువసేపు ఆగవలసినప్పుడు కారును పార్కింగ్ స్థితిలో ఉంచడమే మేలు.

ఎత్తు ఎక్కడం, వాహనాన్ని దాటడం: ఇంజను ఒక్కసారిగా ఎక్కువ చుట్లకు చేరి, అదే స్వరంలో నిలిచిపోతుంది. వేగం మాత్రం నెమ్మదిగా పెరుగుతుంది. మామూలు కారులో ఇది క్లచ్చి జారడానికి గుర్తు. హైబ్రిడ్‌లో ఇది సహజం. ఎనిమిదవ నాచ్‌లో ఉన్న గూడ్సు ఇంజనే ఇందుకు ఉదాహరణ.

ఘాటు దిగడం: అందరినీ ఆశ్చర్యపరిచే సందర్భం ఇది. అరకు నుండి అనంతగిరి ఘాటు మీదుగా శృంగవరపుకోట వైపు దిగుతున్నామనుకొందాము. దిగుతున్నంతసేపు మోటారు జనరేటరుగా మారి కారును నిగ్రహిస్తూ బ్యాటరీని నింపుతుంది. ఘాటు సగం దిగేసరికి బ్యాటరీ నిండిపోతుంది. ఇక వచ్చే విద్యుత్తుకు చోటు లేదు. అప్పుడు ఆ విద్యుత్తుతో పెట్రోలు లేకుండానే ఇంజనును తిప్పి, అదనపు శక్తిని ఖర్చు చేస్తుంది కంప్యూటరు. హోరు వినిపిస్తుంది గాని పెట్రోలు కాలదు. డైనమిక్ బ్రేకు ఉన్న రైలు ఇంజన్లలో ఇదే శక్తిని రెసిస్టరు గ్రిడ్లలో వేడిగా మార్చి గాలిలోకి వదులుతారు. ఉద్దేశం ఒకటే, దారి వేరు.

అనుమానించవలసిన లక్షణాలు

డీజిల్ షెడ్లలో "హంటింగ్" అనే మాట ప్రసిద్ధం. నాచ్ మార్చకుండానే ఇంజను చుట్లు పెరగడం, తగ్గడం, మరల పెరగడం – ఊపిరి అందని మనిషి రొప్పినట్లు ఉండే స్థితి అది. చుట్లను నిలకడగా ఉంచవలసిన గవర్నరు తన పని చేయలేకపోవడం దాని అర్థం. అనుభవజ్ఞులైన ఫిట్టర్లు దానిని చూడగానే గవర్నరును విప్పరు. మొదట నూనె మట్టం, తరువాత ఇంధన ర్యాకు లింకేజి ఎక్కడైనా పట్టేస్తున్నదా, ఇంధనంలో గాలి చేరిందా అని చూస్తారు. గవర్నరు వంతు చివరిది. తేలికైనది ముందు, ఖరీదైనది తరువాత అన్న ఈ క్రమమే హైబ్రిడ్ కారుకు కూడా వర్తిస్తుంది.

స్థిరంగా ఉండే హోరు సాధారణంగా కంప్యూటరు ఆజ్ఞ. అలలుగా లేచి పడే హోరు మాత్రం రోగ లక్షణం. దానికి తరచుగా కనిపించే కారణాలు ఇవి: గాలి లోపలికి వెళ్ళే గొట్టం పగిలి, కొలతకు అందని గాలి ఇంజనులోకి చొరబడటం, థ్రాటిల్ భాగంలో మసి పేరుకోవడం, గాలిని కొలిచే సెన్సరు మురికి పట్టడం, ఇంధన పీడనం చాలకపోవడం.

రెండవ లక్షణం బ్యాటరీ నిలువ చూపే గీతలు కొద్ది నిమిషాలలోనే నిండుగా ఎగబ్రాకి, అంతే త్వరగా పడిపోవడం. ఇంజను మాటిమాటికి మొదలై ఆగుతూ ఉంటుంది. హైబ్రిడ్ బ్యాటరీలో అనేక సెల్లులు వరుసగా కలిపి ఉంటాయి. జోడెడ్లలో ఒకటి కుంటిదైతే బండి దాని నడకకే లోబడుతుంది. అట్లే ఒక్క సెల్లు నీరసించినా మొత్తం బ్యాటరీ శక్తి తగ్గినట్లే కనిపిస్తుంది.

మూడవది వేడి. అనేక హైబ్రిడ్ కార్లలో బ్యాటరీని చల్లబరచడానికి ఒక చిన్న ఫ్యాను, దానికి గాలి అందించే జాలీ ఉంటాయి. కొన్ని కార్లలో ఈ జాలీ వెనుక సీటు పక్కనే ఉంటుంది. పిల్లల సంచులు, దుప్పట్లు దానికి అడ్డుపడినా, దుమ్ము పేరుకొన్నా బ్యాటరీ వేడెక్కుతుంది. దానిని కాపాడటానికి కంప్యూటరు బ్యాటరీ వాడకాన్ని తగ్గించి భారమంతా ఇంజను మీద వేస్తుంది. అప్పుడు హోరు పెరుగుతుంది, మైలేజి తగ్గుతుంది. ఇన్వర్టరును చల్లబరచే పంపు పనిచేయకపోయినా శక్తి తగ్గిపోయి హెచ్చరిక దీపం వెలుగుతుంది.

నాలుగవది చిన్నదే గాని పెద్ద తికమక పెట్టేది. ఈ కార్లలో మామూలు 12 వోల్టుల బ్యాటరీ కూడా ఒకటి ఉంటుంది. కంప్యూటర్లన్నీ దాని మీద ఆధారపడతాయి. అది నీరసిస్తే ఒకదానితో ఒకటి పొంతన లేని హెచ్చరికలు తెర మీద వరుస కడతాయి.

వరుస తప్పని పరీక్ష

రైలు ఇంజను డ్రైవర్లు తమ బండిలో కనిపించిన లోపాన్ని లాగ్ బుక్కులో వ్రాసి షెడ్డుకు అప్పగించడం ఆనవాయితీ. అదే అలవాటు కారు యజమానికి కూడా ఎంతో ఉపకరిస్తుంది. "అప్పుడప్పుడు శబ్దం వస్తోంది" అన్న మాట వల్ల మెకానిక్కుకు ఏమీ తెలియదు. "ఉదయం 9 గంటలకు, 12 కిలోమీటర్లు నడిచిన తరువాత, ఏ.సి. వేసి ఉండగా, కారు నిలిచి ఉన్నప్పుడు, బ్యాటరీ రెండు గీతలు చూపుతుండగా, హోరు నాలుగు నిమిషాలు నిలకడగా వచ్చింది" అని వ్రాసుకొంటే సగం రోగనిర్ణయం ఇంటి వద్దనే పూర్తయినట్లు. ఈ వ్రాతపని ఇంట్లో ఎవరైనా చేయవచ్చు. పక్క సీటులో కూర్చున్న గృహిణి, కాలేజీకి వెళ్ళే అబ్బాయి, అమ్మాయి ఎవరైనా సరే.

ఆ తరువాత ఈ క్రమాన్ని పాటించడం శ్రేయస్కరం:

1. డ్రైవరు కాళ్ళ దగ్గరి మ్యాటు పెడల్‌కు అడ్డుపడుతున్నదేమో చూడాలి. మ్యాటు మీద మ్యాటు వేయరాదు.
2. శక్తి ఎటునుండి ఎటు ప్రవహిస్తున్నదో చూపే తెరను గమనించాలి. బాణం ఇంజను నుండి బ్యాటరీ వైపు ఉంటే అది ఛార్జింగు.
3. హెచ్చరిక దీపాలు వెలిగాయేమో, ఏ రంగులో వెలిగాయో వ్రాసుకోవాలి.
4. ఇంజను చల్లబడిన తరువాత ఆయిలు, కూలెంటు మట్టాలు, ఎయిర్ ఫిల్టరు, బ్యాటరీ జాలీ చూడాలి.
5. 12 వోల్టుల బ్యాటరీని పరీక్ష చేయించాలి.
6. సర్వీసు కేంద్రంలో స్కానర్ పెట్టించి, కంప్యూటరులో నిలువ ఉన్న లోపపు సంకేతాలను, అవి నమోదైన సమయంలోని కొలతలను కాగితం మీద తీసుకోవాలి.

ఆరవ మెట్టు గురించి రెండు మాటలు. ఇంజను ఖాళీగా తిరుగుతున్నప్పుడు కంప్యూటరు మోతాదుకు మించి పెట్రోలు కలుపుతున్నదని, చుట్లు పెంచినప్పుడు ఆ తేడా తగ్గుతున్నదని స్కానర్ చూపితే, గాలి ఎక్కడో దొంగదారిన వస్తున్నదని గ్రహించవచ్చు. బ్యాటరీ విభాగాల వోల్టేజిలలో ఒకటి మిగతావాటికి భిన్నంగా పడిపోతూ ఉంటే, అప్పుడే బ్యాటరీని అనుమానించడం న్యాయం. ఈ కాగితం చూడకుండా "బ్యాటరీ మార్చాలి" అనే వారి మాటను నమ్మి డబ్బు చెల్లించరాదు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్లు, పెద్ద మొత్తం వెచ్చించి బ్యాటరీ మార్పించిన పిదప, అసలు లోపం మూసుకుపోయిన జాలీ అని తేలితే ఆ విచారం ఎవరు తీర్చగలరు? పైగా మన దేశంలో మారుతి, టయోటా కంపెనీలు గ్రాండ్ విటారా, హైరైడర్ కార్ల హైబ్రిడ్ బ్యాటరీకి 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ప్రకటించాయి. ఖర్చుకు ముందు వారంటీ పుస్తకాన్ని చదవడం ప్రతి ఉద్యోగికి అవసరం.

అమెరికా అనుభవం

తేలికైనదాన్ని ముందుగా చూడాలన్న సూత్రం ఎంత విలువైనదో చెప్పడానికి ఒక విషాద ఘటన ఉన్నది. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒక కారు అదుపు తప్పి దూసుకుపోగా ఒకే కుటుంబానికి చెందిన నలుగురు మరణించారు. అది హైబ్రిడ్ కారు కాదు. ఆ కారులో వేసిన మ్యాటు దాని కొలతకు సరిపోనిది. యాక్సిలరేటరు పెడల్ దాని కింద చిక్కుకొన్నది. తరువాత లక్షల సంఖ్యలో కార్లను కంపెనీ వెనుకకు పిలిచి సరిచేసింది. ఎలక్ట్రానిక్ లోపమే కారణమేమో అన్న సందేహం దేశమంతటా వ్యాపించగా, అమెరికా రవాణా శాఖ కోరికపై నాసా ఇంజనీర్లు పది నెలలు పరిశోధించారు. ఆ ప్రమాదకర వేగానికి ఎలక్ట్రానిక్ లోపం కారణమన్న ఆధారం లభించలేదని, పెడల్ పట్టేయడం, మ్యాటులో చిక్కుకోవడం అనే యాంత్రిక కారణాలే కనిపించాయని 2011 ఫిబ్రవరిలో నివేదిక వెలువడింది. అయితే వేరొక ప్రమాదం విషయంలో 2013లో ఓక్లహోమా రాష్ట్రపు జ్యూరీ ఒకటి కంపెనీనే బాధ్యురాలిగా నిర్ణయించింది. కనుక కంప్యూటరును పూర్తిగా నమ్మనూ వద్దు, మ్యాటును చూడకముందే కంప్యూటరును నిందించనూ వద్దు.

అదుపు తప్పినప్పుడు

కాలు తీసినా కారు వేగం తగ్గకపోతే చేయవలసినది ప్రతి కుటుంబ సభ్యునికి కంఠస్థమై ఉండాలి. బ్రేకును రెండు కాళ్ళతోనైనా సరే, బలంగా, విడవకుండా తొక్కాలి. మాటిమాటికి వదలి తొక్కరాదు. గేరును న్యూట్రల్‌లోకి మార్చాలి. అప్పుడు ఇంజను బిగ్గరగా అరిచినా చక్రాలకు శక్తి అందదు. అతివేగం నుండి ఇంజనును దాని నియంత్రణ ఏర్పాటే కాపాడుతుంది. స్టీరింగును నిలకడగా పట్టి రోడ్డు పక్కకు చేర్చాలి. న్యూట్రల్ పడకపోతే పవర్ బటన్‌ను రెండు, మూడు సెకన్లకు పైగా నొక్కి పట్టుకోవాలి. మీ కారుకు వర్తించే ఖచ్చితమైన పద్ధతి యజమాని పుస్తకంలో ఉంటుంది. శ్రీకాకుళం ప్రయాణానికి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కే ముందు ఖాళీ మైదానంలో, కారు నిలిపి ఉంచి, న్యూట్రల్ స్థానాన్ని, బటన్‌ను చేతితో ఒకసారి గుర్తించి ఉంచుకోవడం మంచిది. ప్రమాదం వచ్చిన తరువాత పుస్తకం తిరగేయడానికి వ్యవధి ఉండదు.

నారింజ రంగు హెచ్చరిక

చివరగా మన వృత్తికి సంబంధించిన మాట. కర్మాగారంలో పనిచేసే మనలో చాలామందికి పానా చేతపట్టి సొంత వాహనాన్ని విప్పుకొనే అలవాటున్నది. మెచ్చదగిన అలవాటే గాని హైబ్రిడ్ కారులో దానికి హద్దు ఉన్నది. బానెట్ కింద నారింజ రంగు తొడుగుతో కనిపించే తీగలు అధిక వోల్టేజి తీగలు. వాటిలోని డి.సి. విద్యుత్తు ప్రాణాంతకం. కారు ఆపివేసిన తరువాత కూడా ఇన్వర్టరులోని కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. శిక్షణ పొందిన సాంకేతికులు సైతం సర్వీసు ప్లగ్గు తీసి, సుమారు పది నిమిషాలు ఆగి, మీటరుతో చూసి, రబ్బరు చేతొడుగులతోనే ముట్టుకుంటారు. షట్‌డౌన్ పర్మిట్ లేకుండా ప్యానెల్ తెరవని మనము, ఇంటి దగ్గర మాత్రం ఆ నియమాన్ని మరచిపోతే ఎట్లా? ఎయిర్ ఫిల్టరు, జాలీ, మ్యాటు, ఆయిలు మట్టం వరకు మన పని. నారింజ రంగు కనిపించిన చోట మన చేయి ఆగిపోవాలి.

హైబ్రిడ్ కారు హోరు విని భయపడనక్కర లేదు. విననట్లు ఊరుకోనూ కూడదు. హోరు ఎప్పుడు వచ్చింది, నిలకడగా వచ్చిందా, అలలుగా వచ్చిందా, ఇంజనును పిలిచినది దారియా, బ్యాటరీయా, వేడియా అని విచారించి, వ్రాసుకొని, తేలికైన దానితో పరీక్ష ప్రారంభించే వారికి ఈ వాహనం విశ్వాసపాత్రమైన సేవకునిగా మసలుతుంది. డీజిల్ గర్జనల నడుమ పెరిగిన పూరీ గేట్ వాసులకు ఈ విద్య సగం వారసత్వంగా వచ్చినదే. తక్కిన సగం, ఒక చిన్న నోటు పుస్తకం, ఒక కలం, కొంత ఓర్పు ఉన్న ఏ ఇంటి వారైనా సంపాదించుకోగలరు.